చంద్రుడికి క్యారేజీ

ఆ వేసవిలో మా ఇంట్లో గ్యాస్ బండలు ముందెన్నడూ లేనంత తొందరగా ఖాళీ అయ్యాయి. ఎందుకా అని నేను ఆలోచించలేదు. భీమవరం చుట్టుపక్కల మా రాజుల ఇళ్లల్లో ఎసరు పెట్టేటప్పుడు తలలు లెక్కపెట్టే అలవాటు లేదు. భోజనాల వేళకి ఎవరో ఒకరు రాకపోరు, కాబట్టి ఎప్పుడూ ఇద్దరికి ఎక్కువే పడాలి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తగారు వరలక్ష్మమ్మగారు అన్నిటికన్నా ముందు నేర్పింది అదే. నా చేతి వంటకి పేరొచ్చిందీ అలాగే, నా కొంప మునిగిందీ అలాగే.

ఉగాది వెళ్లిన మర్నాడు మా మరిది ఆదిత్య బెంగళూరు నుంచి కారులో దిగాడు. వెంట లోకనాథ్ అని, అతని కంపెనీలో భాగస్వామి. ఏదో కంపెనీ నడుపుతున్నారని తెలుసు గాని, అది చంద్రుడి మీద మనుషులు ఉండడానికి ఇళ్లు తయారుచేసే కంపెనీ అని నాకు ఆ రోజు భోజనాల దగ్గరే తెలిసింది. మా ఆయన శ్రీనివాసరాజు, ఆయన బాబాయి పల్లంరాజుగారు, ఆదిత్య, లోకనాథ్ నలుగురూ వరసగా కూర్చున్నారు. నేను వడ్డిస్తున్నాను.

"ఒక్క కిలో బరువు చంద్రుడి మీదకి చేర్చాలంటే కోట్లవుతుంది వదినా," అన్నాడు ఆదిత్య, రొయ్యల ఇగురు కలుపుకుంటూ.

"కిలో బియ్యానికైనా అంతేనా?"

"బియ్యానికైనా బంగారానికైనా అంతే. అందుకే ఇక్కడి నుంచి ఏమీ పంపకూడదు. మనిషికి కావలసినవన్నీ ఆ ఇంట్లోనే పుట్టాలి. లోపల రొయ్యల తొట్టి ఉంటుంది. ఆ నీళ్లు తోటకూరకి, చిలగడదుంపలకి వెళ్తాయి. మనం వాడిన నీళ్లు శుభ్రమై మళ్లీ తొట్లోకి వస్తాయి. తలుపు ఒకసారి మూశాక బయటి నుంచి గింజ కూడా అక్కర్లేదు."

"బానే ఉంది గానీ, అక్కడ వంటెవరు చేస్తారు?" అన్నాను.

అందరూ నవ్వారు. పల్లంరాజుగారికి పొలమారింది కూడా. "ఆడాళ్ల బుర్ర చంద్రలోకం వెళ్లినా పొయ్యి దగ్గరికే వస్తుందిరా," అన్నారు నెత్తి మీద తట్టుకుంటూ. నేనూ నవ్వేసి ఆయనకి ఇంకో గరిటె ఇగురు వేశాను.

ఆ తరవాత అసలు సంగతి బయటపడింది. మా రొయ్యల చెరువుల పక్కన, రొయ్యపిల్లలకని కట్టి వాడకుండా పడి ఉన్న హేచరీ షెడ్డులో ఆ ఇంటి నమూనా ఒకటి నిలబెట్టి, ఆదిత్యతో పాటు ముగ్గురు కుర్రాళ్లు నెలన్నర తలుపులు మూసుకుని అందులో బతుకుతారట. అది నెగ్గితే పెట్టుబడిదారులు వస్తారు, పెద్ద గుమ్మటం కడతారు. దానికి ఉప్పునీళ్లు తగలని మెరక కావాలి. మా అత్తింటి భూమంతా ఏనాడో చెరువులైపోయింది. చుట్టుపక్కల మిగిలిన మెరక ఒక్కటే, అది నాది.

ఎకరంన్నర కొబ్బరితోట. పసుపు కుంకుమల కింద మా నాన్న నా పేరున రాసిచ్చినది. గట్టు మీద రెండు రసాల మామిడి చెట్లు. తోటలోని నూతిలో నీళ్లు ఇప్పటికీ తియ్యగా ఉంటాయి. చుట్టూ అందరూ చెరువులు తవ్వుకున్నా నేను గునపం వెయ్యనివ్వలేదు. ఒక చీర కొనుక్కోవాలన్నా, మా అమ్మకి మందులు పంపాలన్నా ఆ కాయలమ్మిన డబ్బుతోనే. ఎవరి ముందూ చెయ్యి చాచే అవసరం లేదు. ఆ ఇంట్లో నేను తల ఎత్తుకుని మాట్లాడగలుగుతున్నానంటే ఆ తోట వల్లే, దాపరికమెందుకు.

మా ఆయన అన్నం మీద వేళ్లు ఆడిస్తూ, "నీ తోట కంపెనీకి రాసిస్తే మనకి వాటా ఇస్తారట సుప్రజా," అన్నారు. వరసగా రెండు పంటలు తెల్లమచ్చ రోగానికి పోయాక ఆయనకి చెరువు గట్టు మీద నిలబడాలంటేనే విరక్తి. తమ్ముడి కంపెనీలో వాటాదారు అన్న మాట వినగానే ఆయన మొహంలోకి చాలా రోజులకి నెత్తురొచ్చింది. అది చూసి కాదనలేకపోయాను, అలాగని అవుననడానికీ నోరు రాలేదు.

"తలుపు మూసుకుని నెలన్నర ఉండండి," అన్నాను ఆదిత్యతో. "బయటి మెతుకు ముట్టకుండా నలుగురూ నడుచుకుంటూ బయటికి రండి. వస్తే తోట రాసిస్తాను. రాకపోతే ఇంకెప్పుడూ నా తోట ఊసెత్తకూడదు."

"మాటంటే మాటేనా అమ్మాయ్?" అన్నారు పల్లంరాజుగారు.

"మాటేనండి మామయ్యగారూ."

నాకు ధీమాగానే ఉంది. ఆదిత్య నాకు పదేళ్ల పిల్లాడప్పట్నుంచీ తెలుసు. పులుసులో ఉప్పు తగ్గితే కంచం ముందు నుంచి లేచిపోయే రకం. వారం తిరక్కుండా బయటికొస్తాడని లోపల్లోపల నవ్వుకున్నాను.

చైత్రం సగమైనా కాకముందే షెడ్డులో తెల్లటి గుమ్మటం లేచింది. ఊళ్లో వాళ్లు దానికి చంద్రలోకం అని పేరు పెట్టారు. "చంద్రలోకంలో కరెంటు పోయిందంట" అని ఒకరు, "అక్కడికి ఆటో ఎంత తీసుకుంటాడండి" అని ఒకరు. కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చి నలుగుర్నీ లోపలికి పంపారు. మా అత్తగారు కళ్లొత్తుకున్నారు. తలుపు చుట్టూ సీలు వేశారు. రోజూ లోపలివాళ్ల రక్తం, మూత్రం ల్యాబుకి పంపడానికి గోడలో ఒక పెట్టె ఉంది, దానికి లోపలి వైపొక తలుపు, బయటి వైపొక తలుపు. సాంపిళ్లు పట్టుకెళ్లే పని మా చెరువు మీద ఉండే యెహెజ్కేలుకి అప్పగించారు.

మూడు నాలుగు రోజులు పోయాక మా అత్తగారు పొద్దున్నే వంటింట్లోకి వచ్చారు.

"అమ్మాయ్, ఎండలు మండిపోతున్నాయి. చెరువు దగ్గర పనివాళ్లకి మనమే భోజనం పంపుదామమ్మా. యెహెజ్కేలొచ్చి పట్టుకెళ్తాడు."

ఎంత మంచి మనసో అనుకున్నాను. ఆ రోజు నుంచి పెద్ద క్యారేజీలు రెండు నిండేవి. నేనే వండేదాన్ని, నేనే సర్దేదాన్ని. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, పీట మీద కూర్చుని చెప్పేవారు. "ఇవాళ గుత్తివంకాయ చెయ్యి. పులుసులో బెల్లం కాస్త ఎక్కువ వెయ్యి. కోడిగుడ్డు పొరటు చెయ్యి, పచ్చిమిరపకాయలు వెయ్యకు." పనివాళ్లు పచ్చిమిరపకాయ వద్దంటున్నారంటే నాకు కాస్త వింతగానే ఉండేది. ఒక రోజు యెహెజ్కేలుతో అన్నాను కూడా.

"ఏమయ్యా, మీవాళ్లకి నోరు బాగా మరిగినట్టుందే. పథ్యాలూ ఫలహారాలూ అడుగుతున్నారు."

"ఆయ్, మీ చేతి వంట మరండీ," అన్నాడు అతను, క్యారేజీ గుడ్డ ముడి బిగించుకుంటూ. నా మొహంలోకి చూడలేదు.

తోటలో రసాలు పండడం మొదలయ్యాక బుట్టలో అవీ పెట్టేదాన్ని. ఎండలో పనిచేసే మనుషులు, రెండు పళ్లు ఎక్కువే తిననీ అనుకునేదాన్ని. వేలితో నొక్కి మెత్తగా ఉన్నవే ఏరేదాన్ని.

ఒక సాయంత్రం మా ఆయన నన్ను షెడ్డుకి తీసుకెళ్లారు. లోకనాథ్ ఒక టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. లోపలివాళ్ల బరువు, గాలి, నీళ్లు అన్నీ గీతలుగా కనపడుతున్నాయి.

"మేడమ్, మేం తగ్గుతారనుకున్నాం. నలుగురూ బరువు పెరుగుతున్నారు," అన్నాడు. తోటకూర, దుంపలు, తొట్లో పెంచిన పాచిని ఎండబెట్టిన పొడితో మనిషి పెరగడమంటే మామూలు విషయం కాదట. కిటికీ అద్దంలోంచి ఆదిత్య చెయ్యూపాడు. బుగ్గలు నిండుగా ఉన్నాయి. నేను ఓడిపోతున్నానని ఆ క్షణాన అర్థమైంది. అయినా నిజం చెప్పొద్దూ, గర్వంగా కూడా అనిపించింది. మనింటి పిల్లాడు ఎవరూ చెయ్యనిది చేస్తున్నాడనుకున్నాను. ఇంటికొచ్చి మా ఆయనతో, "పోన్లెండి, నా తోట ఒక మంచి పనికి పోతోంది," అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నారు. ఆయన అలా నా చెయ్యి పట్టుకుని ఎన్నాళ్లయిందో.

వైశాఖం ఆఖర్న తలుపు తెరిచారు. భీమవరం నుంచి డప్పులు, దారి పొడుగునా ఫ్లెక్సీలు. ఫ్లెక్సీలో ఆదిత్య ఒక పక్క, చంద్రుడు ఒక పక్క, కింద ఊరి పెద్దలందరి ఫోటోలు. శాలువాలు కప్పారు. సూట్లు వేసుకున్న ముగ్గురు పెట్టుబడిదారులు ఉక్కకి తట్టుకోలేక కొబ్బరిబొండాలు తాగుతూ తెర మీద బొమ్మలు చూశారు. ఆ బొండాలూ నా తోటవే. లోకనాథ్ మైకు పట్టుకుని ఒక మనిషి ఒక రోజు బతకడానికి అయ్యే ఖర్చు చదివాడు. ఎంత తక్కువంటే అందరూ చప్పట్లు కొట్టారు. దాని కింద వరసలో "బయటి సరఫరా: సున్నా" అని పెద్ద అక్షరాలతో ఉంది. పల్లంరాజుగారు నా వైపు చూశారు. నేను తలూపాను.

రిజిస్ట్రేషన్‌కి ముహూర్తం పెట్టారు. దానికి రెండు రోజుల ముందు నేను తోటకూర కోసం ఆ గుమ్మటంలోకి వెళ్లాను. మనుషులు బయటికొచ్చేసినా నీళ్లు వాటంతటవే పారుతున్నాయి, కూర ముదిరిపోతోంది. వృథాగా పోవడమెందుకని చేటతో వెళ్లాను. మట్టి తొట్లలో తోటకూర మధ్య ఎర్రగా, రాగి రంగులో లేత చిగుళ్లు లేచి ఉన్నాయి. ఒకటి కాదు, వరసగా. ఈ గోదారి జిల్లాల్లో ఆ రంగు చిగురు తెలియని మనిషి ఉండదు. ఒకటి పట్టుకుని పైకి లాగాను. దాని కింద టెంక వచ్చింది. ఇంకోటి లాగాను, ఇంకో టెంక. పీచు చూస్తే తెలిసిపోయింది, నా చెట్టువే. తిన్న టెంకలు పారేసే దారి లేక ఆ మట్టిలోనే పూడ్చేశారు.

తోటకూర కొయ్యలేదు. ఆ మొక్కలు చేటలో వేసుకుని ఇంటికొచ్చాను. మా అత్తగారు పెరటి అరుగు మీద కూర్చుని ఆవకాయ ముక్కలు గుడ్డతో తుడుస్తున్నారు. చేట ఆవిడ ముందు పెట్టాను.

ఆవిడ చేట వంక చూశారు. ముక్క తుడుస్తూనే ఉన్నారు.

"కన్నదాన్ని అమ్మాయ్," అన్నారు చివరికి. "మూడోరోజు కిటికీలోంచి చూశాను. వాడి మొహం పీక్కుపోయింది. నన్ను చూసి ఇలా నోటి దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. నేనేం చెయ్యను? ఇంట్లో ఇంత వండుతూ పిల్లాణ్ణి పస్తుంచమంటావా? వాడొక్కడే తింటే బావుండదని నలుగురికీ పంపాను."

"సాంపిళ్ల పెట్టెలోంచేనా?"

"అవునమ్మా. యెహెజ్కేలుని నేనే బతిమాలాను. వాణ్ణేమీ అనకు."

నాకు ఆవిడ మీద కోపం రాలేదు. వచ్చి ఉంటే బావుండేది. ఆకలేస్తోందన్న మనిషికి అన్నం పెట్టకపోవడం ఆవిడకి చేతకాదు. నాకూ అదే నేర్పారు. ఆవిడ పక్కన కూర్చుని ముక్కలు తుడవడానికి నేనూ ఒక గుడ్డ తీసుకున్నాను.

"అత్తయ్యగారూ, మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. నేను అననివ్వను. ఎల్లుండి మామయ్యగారి ముందు ఈ ఒక్క మాట చెప్పండి చాలు. నా తోట నాకుంటుంది."

"చెప్తాలేమ్మా," అన్నారు. నా తల మీద చెయ్యేసి మరీ అన్నారు.

ముహూర్తం రోజు పొద్దున్న హాల్లో అందరూ చేరారు. నేను ఆ మొక్కల్ని టెంకలతో సహా బల్ల మీద పెట్టి జరిగింది చెప్పాను. మా ఆయన ముందు వాటి వంక, తరవాత నా వంక చూశారు. కంగారుపడింది ఆదిత్య ఒక్కడే, అదీ కాసేపే.

"వదినా, ఎవరైనా రెండు పళ్లు లోపలికిచ్చినా సిస్టమ్ ఫెయిలైనట్టు కాదు. గాలి, నీళ్లు అన్నీ పనిచేశాయి."

"రెండు పళ్లా? నెలన్నర రోజులూ నా చేతి వంట తిన్నావు. గుత్తివంకాయ తిన్నావు, పొరటు తిన్నావు. పచ్చిమిరపకాయ వెయ్యొద్దని కబురు పంపింది ఎవరు?"

ఆదిత్య కిందికి చూశాడు. లోకనాథ్ అందుకున్నాడు, చాలా మర్యాదగా.

"మేడమ్, అలా అనుకున్నా సరే, ఇంట్లో వంటకి కాస్ట్ ఏముంటుందండి? మీరు ఎలాగూ వండుతారు కదా. అలాంటివాటికి మా ఖర్చుల షీట్లో కాలమ్ కూడా ఉండదు."

అతను ఎగతాళిగా అనలేదు. నిజంగానే అతనికి అలా తోచింది. కోట్లు పెడితే గాని చంద్రుడి మీదకి చేరని కిలో అన్నం, నా వంటింట్లోంచి వెళ్తే ఉత్తినే వచ్చినట్టు. పక్కన కూర్చున్నవాళ్లెవరికీ ఆ మాటలో తప్పేమీ కనపడలేదు.

"ఇదంతా ఎందుకు," అన్నారు పల్లంరాజుగారు మా అత్తగారి వైపు తిరిగి. "వదినా, మీరు లోపలికి భోజనం పంపించారా?"

మా అత్తగారు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. చీర కొంగుతో వేళ్లకంటిన ఆవపిండి తుడుచుకుంటున్నారు. ఆదిత్య తలెత్తి ఆవిడ వైపు చూశాడు.

"నేనెందుకు పంపుతాను మరిదిగారూ," అన్నారు. "చెరువు పనివాళ్లకి పంపాం. లోపలికేమీ పంపలేదు."

నా వైపు చూడకుండానే లోపలికి వెళ్లిపోయారు. యెహెజ్కేలు వీధి వరండాలో చెప్పుల దగ్గర నిలబడి ఉన్నాడు. మా చెరువు మీద బతికే మనిషి, అతన్ని ఏమని అడుగుతాను. మా ఆయన్ని చూశాను. "నలుగురి ముందు మాటిచ్చావు సుప్రజా," అన్నారాయన మెల్లిగా. ఆ సాయంత్రం నా చెయ్యి పట్టుకున్న మనిషే.

కారెక్కాను. భీమవరంలో ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టాను.

జ్యేష్ఠంలో చెట్లు కొట్టేశారు. నేను చూడ్డానికి వెళ్లలేదు గాని రంపం మోత మా పెరట్లోకి వినపడేది. చెట్ల తలల్లోని లేత మొవ్వులు ఊరందరికీ పంచారట, మా ఇంటికీ ఒక బుట్ట వచ్చింది. తియ్యగా ఉన్నాయని మా ఆయన రెండు ముక్కలు తిన్నారు. గట్టు మీద మామిడి చెట్లు అడ్డమొస్తున్నాయని వాటినీ తీసేశారు. నూతి మీద మోటారు బిగించారు. ఆషాఢం వచ్చేసరికి ఆ మెరక మీద పెద్ద తెల్ల గుమ్మటం నిలబడింది. తోట పత్రాలు చూపించి కంపెనీ అప్పు తెచ్చి కట్టింది అది.

డబ్బు పెట్టేముందు ఇందులోనూ అదే పరీక్ష జరగాలన్నారు పెట్టుబడిదారులు. ఈసారి తమ మనిషిని కూడా కాపలా పెట్టారు, కెమెరాలు పెట్టారు. అయినా సాంపిళ్ల పెట్టెని మాత్రం ఎవరూ అనుమానించలేదు. ఆదిత్య మళ్లీ లోపలికి వెళ్లాడు. వెంట కొత్తవాళ్లు, మొత్తం ఐదుగురు. మూడు రోజులు గడిచాయి. నాలుగో రోజు పొద్దున్న నేను పప్పు పొయ్యి మీద పెట్టి బియ్యం కడుగుతుంటే మా అత్తగారు వచ్చి క్యారేజీలు రెండూ వంటింటి గట్టు మీద పెట్టారు.

"లోకనాథ్ ఫోన్ చేశాడమ్మా," అన్నారు. ఆ తోట సంతకం తరవాత ఆవిడ నాతో నేరుగా మాట్లాడడం అదే మొదటిసారి. "అబ్బాయి నీరసంగా ఉన్నాడట. ఐదుగురికి సర్దు."

నేను చేతులు తుడుచుకుని క్యారేజీ గిన్నెలు ఒక్కొక్కటే విడదీశాను. కడిగాను. పొడిగుడ్డతో తుడిచి, మళ్లీ బిగించి, స్టూలు వేసుకుని రెండింటినీ అటక మీద పెట్టాను.

"ఎవరికి అత్తయ్యగారూ?" అన్నాను కిందికి దిగి. "మనం లోపలికెప్పుడూ ఏమీ పంపలేదు కదండీ."

ఆవిడ అటక వంక చూశారు. గోడ పట్టుకుని పీట మీద కూర్చున్నారు. పొయ్యి మీద పప్పు పొంగి మంట ఆరింది. మళ్లీ వెలిగించుకున్నాను. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయని తెలుసు. ఆ పూట నాకు జాలి రాలేదు. ఇప్పుడూ రాదు.

వారం తిరక్కుండానే తలుపు తెరవాల్సొచ్చింది. ఒకతను దుంపలు తవ్వుతూ కళ్లు తిరిగి పడిపోయాడు. ఆదిత్యని ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని బయటికి తెచ్చారు. డప్పుల్లేవు, ఫ్లెక్సీల్లేవు. సూట్లవాళ్లు మళ్లీ కనపడలేదు. లోకనాథ్ ఫోన్ ఎత్తడం మానేశాడు. శ్రావణంలో అప్పిచ్చిన బ్యాంకు వాళ్లు వచ్చి నా మెరక మీద బోర్డు పాతారు. గాలివానకి గుమ్మటం ఒక పక్క చిరిగి ఆ గుడ్డ రాత్రీ పగలూ కొట్టుకుంటూనే ఉంది.

ఆదిత్య బెంగళూరు వెళ్లే ముందు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "వదినా, ఐడియా తప్పు కాదు, ఖర్చు దగ్గర పొరపాటు పడ్డాం," అన్నాడు. అవునన్నాను. అన్నం పెట్టమంటాడేమోనని చూశాను. అడగలేదు, నేనూ తినమనలేదు. ఆ ఇంట్లో ఒక మనిషి అన్నం వేళకి అన్నం తినకుండా గుమ్మం దిగడం అదే మొదలు.

ఇప్పుడు మా ఇంట్లో ముగ్గురం. ముగ్గురికే ఎసరు పెడతాను, గ్లాసుతో కొలిచి. భోజనాల వేళకి ఎవరైనా వస్తే మా ఆయన్ని హోటలు నుంచి పార్సిలు తెప్పించమంటాను. బిల్లు వస్తుంది. ఆ బిల్లు మా అత్తగారి కళ్లకి ఎదురుగా ఫ్రిజ్జు మీద పెడతాను, ఖర్చు కనపడాలి కదా.